ఆచార్య రంగాగారి జీవితము - పొగాకు రైతు కుటుంబములు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున వెలువడు ఈ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఎవరిని గూర్చి వ్రాయుదునా యని కొన్నాళ్లు ఆలోచించితిని. మన సీమవారినే ఎన్నుకొనుట న్యాయమని కొందరు మిత్రులు చెప్పిరి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి కథను మన పిల్లలందరును ఎరుగుదురు. గ్రంథాలయోద్యమమునకు జీవితమును ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ప్రతి యేటి వారోత్సవములలోను తలచుకొనుచునే యున్నాము. నేను ఎన్నుకొన్న ఆచార్య గోగినేని రంగనాయకులుగారు మన మండలమువారు కారు. వారు గుంటూరు సీమలో పుట్టిరి, అక్కడనే 1995లో కాలధర్మము నొందిరి. అయినను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందు పొగాకు నాటి బ్రదుకు సాగించిన కుటుంబములకు వారి చరిత్ర పరాయిది కాదు. సేద్యగాని యింటి లెక్కను కాగితముపై పెట్టి దొరల యెదుట పరిచిన తెలుగువారిలో వారు అగ్రగణ్యులు.

ముందుగా మన సంగతి కొంత చెప్పవలెను. గుంటూరు, ప్రకాశము సీమలలో పండునది ఎక్కువగా వర్జీనియా పొగాకు. దానిని బేరన్లలో నిప్పుసెగ పెట్టి పండబెట్టుదురు. మన నల్లరేగళ్లలో పెద్దలు పండించినది నాటు పొగాకు. దానికి బేరను అక్కరలేదు, ఎండయే చాలును. నారుమళ్లు పోసి, వానలు వెనుకపట్టిన పిమ్మట నారు నాటి, మొక్క తల త్రుంచి, పిలకలు గిల్లి, ఆకు ముదిరిన తరువాత కోసి ఎండబెట్టి, పిమ్మట మండె వేయుదురు. మండె వేడెక్కిన కొలదిని దానిని విప్పి, పైది క్రిందికి, క్రిందిది పైకి త్రిప్పి మరల వేయవలెను. ఎండిన ఆకు పగటి పూట ముట్టుకొన్నచో పొడియైపోవును గనుక తెల్లవారుజామున మంచు పదునుమీదనే కట్టలు కట్టుదురు. చలికాలమున మూడవ జామున ఇల్లాలు, పిల్లలు, ముసలివారు దుప్పట్లు కప్పుకొని కళ్లమునకు పోవుట నా చిన్నతనమున ప్రతి యింటను చూచినదే. ఆ రోజులలో బడిలో సగము పలకలు ఖాళీగా నుండెడివి. తడి ఆకు ఒంటికి తగిలినవారికి తల తిరుగుట, వాంతులగుట సామాన్యము. దిష్టి తగిలినదని ఉప్పు త్రిప్పెడివారు. అది ఆకులోని నికొటిన్ చర్మము గుండా ఒంటికెక్కుట యని ఈనాడు వైద్యులు చెప్పుచున్నారు.

ఇంత శ్రమపడి పండించిన ఆకు విలువ ఎంత? ఈ ప్రశ్నకు మా యింటనే సమాధానము లేకుండెను. మా తాతగారు చదువు రానివారు. విత్తనము, ఎరువు, కూలి, బండి బాడుగ అన్నియు ఆయన తలలోనే యుండెడివి. వ్యాపారి వచ్చి కట్ట విప్పి, ఆకు వాసన చూచి, పెదవి విరిచి ఒక ధర చెప్పెడివాడు. మిగిలినదా, తగిలినదా యని చెప్పుటకు ఆయన వద్ద చిన్న చీటి ముక్కయైనను లేకుండెను. ఒక యేడు ఒక వ్యాపారి సగము సొమ్మిచ్చి తక్కినది సంక్రాంతికి తెచ్చెదనని పోయి మరల కనబడలేదు. ఎంత రావలసినదో మా యింటివారిలో తలకొక మాట చెప్పిరి. అట్టి యిండ్లు మన ప్రాంతమున ఎన్నియో యున్నవి. రంగాగారు చేసిన పని యొక్క విలువ అట్టి యింట పుట్టినవారికి సులభముగా బోధపడును.

రంగాగారు 1900వ సంవత్సరము నవంబరు 7వ తేదీన గుంటూరు మండలములోని నిడుబ్రోలు గ్రామమున వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. తండ్రి నాగయ్యగారు, తల్లి అచ్చమ్మగారు. చిన్నతనముననే తల్లిదండ్రులను కోల్పోయిరి. గ్రామమునను, గుంటూరునను చదివి, 1920లో ఇంగ్లండునకు పోయి ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము అభ్యసించి బి.లిట్. పట్టము పొందిరి. ఆ రోజులలో సీమకు పోయిన సంపన్నుల బిడ్డలు చాలమంది న్యాయవాద పట్టముతోనో, కలెక్టరు ఉద్యోగముతోనో తిరిగి వచ్చెడివారు. రంగాగారు అర్థశాస్త్రమును వెంటబెట్టుకొని వచ్చి, దానిని తమ యూరి పొలిమేరలోనే ప్రయోగించి చూచిరి.

ఇచ్చట కొంత నిలువవలెను. 1926లో వారు భారత గ్రామముల ఆర్థిక వ్యవస్థను గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును వెలువరించిరి. దాని మొదటి సంపుటము డెల్టా గ్రామములను గూర్చినది. రెండవ సంపుటము 1929లో వచ్చెను. చేనేత పరిశ్రమ అర్థశాస్త్రమును గూర్చి 1930లో మరియొక గ్రంథము ప్రకటించిరి. నీలగిరి గిరిజనులను గూర్చియు వ్రాసిరి. ఆ కాలమున పల్లెటూరిని గూర్చి వ్రాయబడినది ఏదైన నున్నచో అది చాలవరకు సర్కారు వారి రికార్డులలోని జమాబందీ లెక్కయే. శిస్తు ఎంత రావలెనో దానికి తెలియునుగాని, శిస్తు కట్టిన పిమ్మట ఆ యింట పొయ్యి వెలిగినదా యని దానికి తెలియదు. రంగాగారు భూమి, కౌలు, కూలి, అప్పు, పశువు, వృత్తిపనులు అను వీనిని ఒక్కచోట చేర్చి, ఊరు ఎట్లు బ్రదుకుచున్నదో పరిశీలించిరి. ఊరిలో పుట్టినవాడు ఊరిని గూర్చి శాస్త్రరీత్యా వ్రాయుట ఆనాటికి అరుదు. సేద్యగాని మాట కచేరిలో చెల్లవలెనన్న అంకె యుండవలెనని వారు తొలినాడే గుర్తించిరి.

1927 మొదలు 1930 వరకు వారు చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులుగా నుండిరి. ఆచార్య శబ్దము వారి పేరునకు అట్లు అంటుకొని, కళాశాల విడిచిన తరువాత అరువదియైదేండ్లు విడువలేదు. అంతకు ముందే, 1923లో, నిడుబ్రోలులోని తమ యింటి మంచినీటి బావిని హరిజనులకు తెరచిరి. బావి తెరచుట అనగా పుస్తకము వ్రాసినంత సులభము కాదు. ఊరిలో బంధువులుందురు, పెండ్లిండ్లు కుదుర్చుకొనవలసినవారుందురు, పంక్తిలో కూర్చుండవలసిన వారుందురు. ఆనాటికి వారికి ఇరువది మూడేండ్లు మాత్రమే. 1933లో హరిజన నాయకుడు అను తెలుగు నవలను కూడ వ్రాసిరి. వారి సతీమణి భారతీదేవిగారు వారితో సమానముగా ప్రజాసేవలో పాల్గొని చెరసాలకేగిన విదుషి.

1930లో ఉద్యోగము వదలి జాతీయోద్యమమున ప్రవేశించిరి. ఆ సంవత్సరమే కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. అప్పటికి లోకమంతట ధరలు పడిపోయెను. వడ్లు, పొగాకు, నూనెగింజలు అమ్ముకొన్న రైతునకు చేతికి వచ్చినది తగ్గినదిగాని, శిస్తును, వడ్డీని తగ్గలేదు. పైగా కృష్ణా గోదావరి మండలములలో రీసెటిల్మెంటు పేరిట శిస్తును నూటికి 18¾ వంతున, అనగా రూపాయికి మూడణాల చొప్పున, పెంచదలచిరి. రంగాగారు ఊరూర తిరిగి రైతులను కూడగట్టి దీనిని ఎదిరించిరి. జమీందారీ గ్రామములు తిరిగి, రైతుల ఆర్థిక స్థితిని విచారించి, ఆ విచారణ ఫలితములను 1933లో పుస్తకముగా ప్రకటించిరి. చెరసాలకు పలుమారులు పోయిరి. అన్నిటికంటె నాకు మెచ్చుకోలైన సంగతి మరియొకటి కలదు. ఆ గందరగోళములోనే వారు నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నెలకొల్పి, పల్లెల యువకులకు అర్థశాస్త్రము, రాజకీయములు, సభా నిర్వహణము నేర్పిరి. సర్దార్ గౌతు లచ్చన్నగారు, చేనేత నాయకులు ప్రగడ కోటయ్యగారు మొదలైన వారు రంగాగారి అడుగుజాడలలో నడచి రాష్ట్రమున ప్రసిద్ధులైరి.

1936 ఏప్రిలులో లక్నో నగరమున అఖిల భారత కిసాన్ సభ ఏర్పడెను. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. ఆ యేడు చివర ఫైజుపురమున జరిగిన రెండవ మహాసభకు రంగాగారే అధ్యక్షత వహించిరి. 1937లో ఇచ్ఛాపురము నుండి చెన్నపట్టణము వరకు సాగిన రైతు రక్షణ యాత్ర తెలుగునాట ఎన్నడును ఎరుగని సంఘటన. ఉత్తర సరిహద్దున బయలుదేరిన రైతులు నెలల తరబడి కాలినడకన గ్రామగ్రామమున ఆగి, కష్టములను విని, అర్జీలు పోగుచేసికొనుచు దక్షిణమునకు నడచిరి. ఆ నడక కూడ ఒక విధమైన లెక్క సేకరణమే యని నా అభిప్రాయము.

ఇక పొగాకు. వర్జీనియా ఆకు గుంటూరు సీమకు వచ్చినది 1920 ప్రాంతమున. ఇండియన్ లీఫ్ టుబాకో డెవలప్‌మెంట్ కంపెనీ అంతకు ముందే, 1912లో ఏర్పడియుండెను. సిగరెట్టునకు పనికివచ్చు పసుపుపచ్చని ఆకు ఎగుమతి కాజొచ్చిన తరువాత గుంటూరు నల్లరేగళ్లలో బేరన్లు లేచినవి. బేరను కట్టుటకు రొక్కము కావలెను. రొక్కము లేని రైతు పచ్చియాకును బేరను గలవానికి అమ్ముకొనును. ఆకు రెలుచు కూలీలు, కర్రలకు అల్లు ఆడువారు, రేయింబవళ్లు మంట కాచువాడు, గ్రేడింగు కొట్టములలో కూర్చుండు స్త్రీలు, ఇట్లు ఒక్క పంట ఊరిని కొత్తగా పంచిపెట్టెను. మిద్దెలు లేచినవి, బిడ్డలు కాలేజీలకు పోయిరి. అదే ఊరిలో ఆకు ధర పడిన యేడు మిద్దెలు తాకట్టునకు పోయెను. ధర చెప్పువాడు కొనువాడే. రైతు బేళ్లను బండిపై వేసికొని డిపోకు పోవును. కొనువాడు ఆకు చూచి గ్రేడు నిర్ణయించును, గ్రేడును బట్టి ధర. ఒప్పుకొనకున్నచో బండి వెనుకకు త్రిప్పవలెను.

దీనికి తోడు 1943లో దొరల ప్రభుత్వము పొగాకుపై ఎక్సైజు పన్ను వేసెను. ఇది నాటు పొగాకు పండించు మనవారినిగూడ తాకినది. ఎంత భూమిలో నాటినదియు, ఎంత ఆకు వచ్చినదియు అధికారులకు తెలుపవలెను. తన కళ్లములోని ఆకును తాను కదల్చుటకు అనుమతి కావలెను. పల్లెలలో సుంకము ఇనస్పెక్టరు అన్నచో పోలీసుకంటె ఎక్కువ భయము. వ్యాపారి ఈ భయమును చూపియే ధర తగ్గించెడివాడని మా పెద్దలు చెప్పుకొనెడివారు. స్వాతంత్ర్యము వచ్చినను ఆ పన్ను చాలకాలము నిలిచెను. తయారు కాని పొగాకుపై సుంకము తొలగినది చరణసింగుగారు ఆర్థికమంత్రిగా నుండి 1979లో బడ్జెటు ప్రవేశపెట్టినపుడు. ఈ మధ్యకాలమంతయు చట్టసభలలో రైతుల ధరల బాధను, పన్నుల బాధను విసుగులేక వినిపించినవారిలో రంగాగారొకరు. గుంటూరు సీమవారు గనుక పొగాకు రైతు వారికి పుస్తకములలో కనబడిన వ్యక్తి కాడు, ఇరుగుపొరుగువాడు.

1975లో పొగాకు బోర్డు చట్టము వచ్చెను. 1976 జనవరి 1వ తేదీన బోర్డు గుంటూరు కేంద్రముగా వెలసెను. 1984లో కర్ణాటకమునను, 1985లో మన రాష్ట్రమునను వర్జీనియా ఆకునకు వేలము పద్ధతి ప్రారంభమైనది. పదిమంది కొనువారు ఒక్క బేలు ముందు నిలిచి ధర పాడుట అన్నది బండి వెనుకకు త్రిప్పుకొని వచ్చిన తరమువారికి పెద్ద మార్పు. ఈ వేలము మన నాటు ఆకునకు రాలేదు. మనవారు వ్యాపారితోనే బేరమాడుకొనవలసి వచ్చెను.

రాజకీయములలో రంగాగారి నడక వంకరటింకరగా సాగినది. అది సంక్షేపముగా చెప్పి విడిచెదను. రాజ్యాంగ పరిషత్తులో సభ్యులైరి. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారి చేతిలో ఓడి, కాంగ్రెసును విడిచి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. (ఆ సంజీవరెడ్డిగారే 1977లో మన నంద్యాల నుండి లోకసభకు ఎన్నికై, పిమ్మట రాష్ట్రపతి యైరి.) 1955లో మరల కాంగ్రెసుతో కలిసి, 1957లో తెనాలి నుండి లోకసభకు వచ్చిరి. 1959 జనవరిలో నాగపురమున కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యమును తీర్మానించగా, రైతు తన చెక్కను తాను దున్నుకొను హక్కు పోవునని తలచి బయటికి వచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నెలకొల్పి, దాని అధ్యక్షులైరి. 1962లో తెనాలిలో ఓడిరి. ఆ పిమ్మట చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచిరి. 1967లో శ్రీకాకుళము నుండి గెలిచి 1971లో ఓడిరి. తరువాత కాంగ్రెసునకు తిరిగి వచ్చి, రాజ్యసభలో నుండి, 1980, 1984, 1989లలో గుంటూరు నుండి లోకసభకు ఎన్నికైరి. 1930లో తొలిసారి చట్టసభలో అడుగిడినవారు 1991లో విరమించుకొనిరి. ఆ సంవత్సరమే పద్మవిభూషణ బిరుదము లభించినది.

ఇన్ని పార్టీలు మారుట లోపమని కొందరు అందురు. నా దృష్టిలో వారి అసలు లోపము అది కాదు. సేద్యగాడు అన్నప్పుడు వారి కన్నులముందు నిలిచినవాడు సొంత భూమి గల చిన్న, నడితరగతి రైతు. ఆ రైతు పొలములో ఆకు కోసి, మంచులో కట్టలు కట్టిన కూలి స్త్రీ వారి లెక్కలలో లేకపోలేదు. గ్రామ పరిశీలనములలో కూలి రేట్లను వ్రాసిరి, బావి తెరచిరి, నవల వ్రాసిరి. అయినను రైతునకు కూలికి తగవు వచ్చినపుడు వారి మొగ్గు రైతువైపే యుండెనని చెప్పక తప్పదు. కిసాన్ సభలో వామపక్షమువారితో విడిపోవుటకు గల కారణములలో ఇదియు ఒకటి. పొగాకు పంట సంపాదించి పెట్టినది భూమి గలవానికి. ఇంటిల్లిపాది పని చేసి అణాలు తెచ్చుకొన్నవారి కుటుంబములు ఆ వెలుగులోనికి రాలేదు. మన ఊళ్లలోను ఈ మాట నిజమే. ఈ సంచికలోనైనను దానిని వ్రాయకున్నచో రంగాగారు నేర్పిన పద్ధతికే ద్రోహము చేసినట్లగును.

1995 జూన్ 9వ తేదీన రంగాగారు మరణించిరి. మరుసటి యేడు, 1996లో, 1964 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టిరి. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము 1906లో, అనగా రంగాగారు ఆరేండ్ల బాలుడుగా నున్నప్పుడు మొదలైనది. ప్రత్తి, జొన్న మొదలైన పంటలతో పాటు నాటు పొగాకు మీదను అచ్చట పరిశోధనలు జరిగినవి. ఆ స్థానము ఈనాడు వారి పేరు గల విశ్వవిద్యాలయము క్రిందనే పని చేయుచున్నది. విత్తనములకై అచ్చటికి పోవు మన రైతులు పలకమీద ఆ పేరు చూచుచునే యున్నారు. ఆ పేరు ఎవరిదని నన్ను అడిగిన పిల్లవానికి సమాధానముగానే ఈ వ్యాసము మొదలైనదని చెప్పుకొనుటకు సంకోచము లేదు.

మన ప్రాంతమున పొగాకు తగ్గినది. నల్లరేగళ్లలో శనగ విస్తరించినది. కాలువ క్రింద వరి సరేసరి. పొగ త్రాగుట హానికరమని తెలిసినవారు ఈ పంటను వదలుట మంచిదే యందురు. మా యింటను నాటుట మానివేసితిమి, అందులకు నాకు చింత లేదు. కాని మానని యిండ్లు కలవు. 2025లో బర్లీ పొగాకు ధర పడిపోగా రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చినది. కొనువాడు లేక రైతు వాకిట ఆకు నిలిచిపోవుట మా తాతగారి నాటి ముచ్చట మాత్రమే కాదని దానివలన తెలిసినది.

మన గ్రంథాలయమునకును పొగాకునకును గల సంబంధము పాత సభ్యులు ఎరుగుదురు. తొలి యేండ్లలో చందాలు వసూలగునది ఆకు అమ్మిన నెలలలోనే. వర్షములు తప్పిన యేడు పత్రికలు తెప్పించుట ఆపవలసి వచ్చెడిది. ఆనాటి చందా పుస్తకమును ఒకపరి తిరుగవేయగా, ఏ యేడు ఊరు బాగుపడినది, ఏ యేడు చితికినది అందు కనబడినది. అట్టి కాగితములు మీ యిండ్లలో పెట్టెలలోను, అటకలమీదను ఇంకను ఉండవచ్చును. కూలి లెక్కలు వ్రాసిన నోటుపుస్తకములు, ఎక్సైజు పర్మిట్లు, వ్యాపారి యిచ్చిన చీటీలు, కౌలు కాగితములు, కళ్లము పనులలో తీయించుకొన్న పాత ఛాయాచిత్రములు ఉన్నవారు వానిని మన గ్రంథాలయమునకు ఇచ్చినచో, లేదా నకలు తీసికొనుటకు అనుమతించినచో, ఒక బీరువా ప్రత్యేకించి భద్రపరచుటకు కార్యవర్గము అంగీకరించినది. భూమి గలవారి కాగితములే కాక, కూలికి పోయినవారు చెప్పు సంగతులను కూడ వ్రాసికొనుటకు ఇద్దరు యువకులు ముందుకు వచ్చిరి. సాయంకాలము అయిదు గంటల మొదలు ఎనిమిది గంటల వరకు వారు గ్రంథాలయముననే యుందురు.